మిగిలిన బిళ్లల డబ్బా

దీపం పెట్టి, దాని ముందే కూర్చుని రాస్తున్నాను. ఇందులో ఒక్క అబద్ధం ఉన్నా ఆ అమ్మవారే నన్ను అడుగుతుంది. ఇది నాకు జరిగింది... నిజంగా జరిగింది.

మాది బందరు. నేను బడికి వెళ్లలేదు. నాన్నగారే ఇంట్లో తెలుగు, ఇంగ్లీషు దిద్దించారు. ఆయన చలవ వల్ల మందుల పేర్లు చదవగలను. అందుకే వీధిలో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా బిళ్లలు పట్టుకుని నా దగ్గరికొచ్చేవాళ్లు. తగ్గాక మిగిలినవి నాకే ఇచ్చేసేవాళ్లు. పారేయడానికి మనసొప్పేది కాదు. దేవుడిచ్చిన మందు, ఇంకొకరికి పనికొస్తుందని బిస్కెట్ల రేకు డబ్బాలో దాచేదాన్ని. అడిగినవాళ్లకి అందులోంచే ఇచ్చేదాన్ని. అవనిగడ్డలో చుట్టాలక్కూడా బస్సులో పంపాను.

మా ఆడబిడ్డ రమణ గుడివాడలో చేపలమ్ముతుంది. మొన్న వానల్లో సరుకు కోసం బందరొచ్చింది. మా ఇంట్లో చేపలు శుభ్రం చేస్తుంటే జెల్ల చేప ముల్లు అరచేతిలో దిగింది. మర్నాటికి చెయ్యి వాచింది. నేను డబ్బా తీశాను.

"సూది మందొక్కటే తక్కువ నీకు, డాక్టరమ్మా!" అని నవ్వింది.

మూడు రోజులు వేసుకుంది. వాపు తీసింది. నాలుగో రోజు ఇంకో బిళ్ల తీసుకోబోతుంటే నేనే ఆపాను.

"తగ్గిందిగా... చాల్లే. మిగతావి దాచు."

ఈ మాట గుర్తుంచుకోండి.

రమణ గుడివాడ వెళ్లిపోయిన వారం తిరక్కుండా అక్కణ్ణుంచి ఫోను. చెయ్యి మోచేతి దాకా పొంగిపోయిందట. రెండు రోజులుగా ఆస్పత్రిలోనే ఉందట. ఇంటికి తాళం వేసి మావారూ నేనూ పరుగెత్తాం. చీము పరీక్ష కాగితం డాక్టరుగారు నా చేతికిచ్చారు. చదివాను. ఆఖరిది తప్ప ప్రతి మందు పక్కనా ఒకటే ఇంగ్లీషు అక్షరం. ఆర్... ఆర్... ఆర్...

"అంటే ఆ మందు పనిచెయ్యదనమ్మా. సగంలో ఆపేస్తే చావకుండా మిగిలిన క్రిములు మొండికేస్తాయి. ఆఖర్న ఒక్క మందుంది, మొదలుపెట్టాం. దానికీ లొంగకపోతే చెయ్యి తీసెయ్యాల్సి రావచ్చు."

"నేనే ఇచ్చానండీ... నేనే ఆపించాను."

ఆయన కసురుకోలేదు. "మీ ఒక్కరి వల్లే అనుకోకండమ్మా. దివిసీమ నుంచి వచ్చిన ఇద్దరిలోనూ ఇదే చూశాం. ఎక్కడ మొదలైందో ఎవరం చెప్పలేం" అన్నారు. ఆ ఓదార్పుకి ఆయనకి రుణపడి ఉంటాను. కానీ అవనిగడ్డ ఉన్నది ఆ దివిసీమలోనే... నేను బస్సులో పంపిన బిళ్లలు గుర్తొచ్చాయి.

ఆ రాత్రి రమణ మంచం పక్కన నేనే కూర్చున్నాను. సెలైను చుక్కలు చుక్కలుగా దిగుతోంది. ఫ్యాను కిర్రు... కిర్రుమంటోంది. ఏడుపు బయటికి వినపడకూడదని పైట కొంగు నోట్లో కుక్కుకుని, మనసులోనే అమ్మని వేడుకుంటున్నాను.

టప్.

రేకులోంచి బిళ్ల నొక్కి తీస్తే వస్తుందే... ఆ చప్పుడు.

చుట్టూ చూశాను. మిగతా మంచాలవాళ్లు నిద్రలో ఉన్నారు. నర్సమ్మ ఎక్కడో దూరంగా ఉంది.

టప్.

ఈసారి రేకు చిరిగిన చిన్న చరచర కూడా... రమణ మంచం కిందనుంచి.

చాలాసేపు ఏమీ లేదు. ఫ్యాను చప్పుడు కూడా నాకు వినపడలేదు. అప్పుడు... ఎవరో నెమ్మదిగా, ఇంట్లో మాట్లాడుకున్నంత మామూలుగా...

"తగ్గిందిగా... చాల్లే. మిగతావి దాచు."

ఆ గొంతు నాది.

నా నోట్లో కొంగు అలాగే ఉంది.

వంగి ఫోను లైటు వేశాను. రమణ చెప్పులు. ఒక బకెట్టు. అంతే.

పైనుంచి రమణ నీరసంగా అంది: "ఎవరితో వదినా మాట్లాడుతున్నావు?"

తెల్లారేసరికి జ్వరం దిగింది. ఆఖరి మందు పనిచేసింది. అమ్మ దయ, ఆ డాక్టరుగారి చలవ. చెయ్యి దక్కింది. రెండు వేళ్లు మాత్రం ముడుచుకోవు. "బేరమాడేవాళ్లకి ఇవే చూపిస్తాలే" అని నవ్వుతుంది పిచ్చిది.

ఇంటికొచ్చి తాళం తీసి, అవన్నీ తీసెయ్యాలని డబ్బా తెరిచాను. ప్రతి రేకూ చిరిగి ఉంది. ఒక్క బిళ్ల లేదు. ఎలకలంటారు మావారు. మూత బిగించే ఉందండీ. కలవరించి ఉంటావంటుంది రమణ. ఏమో... అయ్యుండచ్చు. మరి రేకులు?

ఇప్పటికీ ఎవరొచ్చినా మందు పేరు చదివి పెడతాను. చెప్పినన్ని రోజులూ వేసుకోమని బతిమాలతాను. బిళ్ల మాత్రం ఇవ్వను. ఆ డబ్బాలో ఇప్పుడు దీపం వత్తులు వేసుకున్నాను.

ఇందాక ఈ దీపానికి వత్తి తీసే ముందు కూడా... మూతకి చెవి ఆనించి విన్నాను.