మన్ను తడిపే నీళ్ళు

మా ఇంట్లో గోడ గూట్లో పద్నాలుగు రాకాసులున్నాయి. అన్నీ మట్టివే. పెద్దది నా అరచెయ్యంత, చిన్నది చింతపిక్కంత. ఒకదానికి మూడు వరసల పళ్ళు. ఒకదానికి తలే లేదు, కళ్ళు పొట్ట మీద ఉంటాయి. ఇంకొకటి నాలిక బయటికి చాపి, దాన్ని తన చేత్తోనే పట్టుకుని లాక్కుంటూ ఉంటుంది.

వాటిలో తొమ్మిది మా ఆయన చేసినవి. ఐదు నేను చేశాను. చలికాలం వస్తే శనివారం పూట ఇప్పటికీ వంశధార ఒడ్డుకి వెళ్ళి బంకమన్ను తెచ్చుకుంటాను. ఫ్యాక్టరీలో తోటి ఆడవాళ్ళు ఎందుకే ఈ పని అంటారు. ఊరికే అంటాను. ఊరికే కాదు. అది ఎవరితోనూ సరిగ్గా చెప్పలేకపోయాను.

నేను ఐదో తరగతితో బడి మానేశాను. సంతకం పెట్టేటప్పుడే నా చెయ్యి వణుకుతుంది. మా వీధిలో ఉండే టీచరమ్మకి ఒకరోజు ఈ బొమ్మల సంగతి సగం చెప్పాను. మిగతా సగం ఏడుపొచ్చి ఆగిపోయింది. ఆవిడ ఒక నోటుబుక్కు తెచ్చిచ్చి, "నోటితో రానిది సేత్తో వొస్తాదేమో, రాసి సూడు" అంది. నాలుగు కాగితాలు చింపేశాక ఇది రాస్తున్నాను.

మా ఆయన నాకు మేనబావ. పెళ్ళయ్యాక కూడా బావా అనే పిలిచేదాన్ని. కొబ్బరిచెట్లు ఎక్కి కాయలు దింపే మనిషి. పిల్లలు లేరు మాకు. ఇంట్లో ముగ్గురం, మేమిద్దరం, మా అత్త. నేను పలాస దగ్గర జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తాను. పిక్కల్లోంచి కారే జీడి తగిలి నా వేళ్ళు ఎప్పుడూ నల్లగా ఉంటాయి.

బావకి కిడ్నీలు పాడయ్యాయని తెలిసేసరికి రెండూ పోయాయి. మా వైపు ఆ జబ్బు కొత్తది కాదు. అందుకని ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు, మేం కూడా. సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్ మిషను మీద పడుకోబెట్టేవారు. మిషను సూదులు గుచ్చడానికి ఎడం చేతిలో ఆపరేషన్ చేసి నరం కట్టారు. ఆ చేత్తో బరువు ఎత్తకూడదన్నారు. చెట్లు ఎక్కడం ఆగిపోయింది.

సూదులకి ఓర్చుకున్నాడు. ఉప్పు లేని కూరకి ఓర్చుకున్నాడు. దాహానికి ఓర్చుకోలేకపోయాడు. కిడ్నీలు పనిచెయ్యకపోతే తాగిన నీళ్ళు బయటికి పోవు, ఒంట్లోనే నిలిచిపోతాయి. ఊపిరితిత్తుల్లోకి చేరితే మనిషికి గాలి అందదు. రోజుకి మూడు గ్లాసులు, మాత్రలు మింగే నీళ్ళతో కలిపి, అంతకు మించి ఇవ్వొద్దని డయాలసిస్ సిస్టరు నాకు చెప్పింది. బావకి కాదు, నాకు. అప్పటినుంచి నీళ్ళ బిందె మీద మూత, మూత మీద గ్లాసు, ఆ గ్లాసు మీద నా చూపు. చెట్టు దిగ్గానే బొండం కొట్టుకుని ఎత్తిపట్టి తాగిన మనిషి, గ్లాసు కోసం నా మొహం చూసేవాడు.

చలికాలంలో కొంచెం నయం. దాహం తక్కువ వేస్తుంది. అందుకే మేం ఎక్కడికి వెళ్ళినా చలికాలంలోనే, అదీ శనివారం. శుక్రవారం మిషను ఎక్కి వస్తాడు గనక శనివారం ఒళ్ళు తేలిగ్గా ఉండేది. ఆదివారానికి మళ్ళీ కాళ్ళు పొంగేవి. బావ స్నేహితుడు ఒకాయన ఆటో నడిపేవాడు. పులిహోర కట్టుకుని ఆ ఆటోలో బయల్దేరేవాళ్ళం. అరసవల్లి వెళ్ళాం. ఒకసారి విజయనగరం కోట చూసొచ్చాం, అంత దూరం వద్దని నేను మొత్తుకున్నా. ఎక్కువసార్లు మాత్రం శ్రీముఖలింగం వెళ్ళేవాళ్ళం. గుడిలో దండం పెట్టుకుని ఏటి ఒడ్డుకి వచ్చి కూర్చునేవాళ్ళం.

మొదటిసారి అక్కడే బావ గట్టు అంచున బంకమన్ను ముద్ద తీసి పిసకడం మొదలెట్టాడు. నేను పులిహోర ఆకుల్లో పెడుతున్నాను.

"ఏటి బావా అది, కుక్కా?"

"కుక్కేటే? రాకాసి."

"మరి కోరలేవీ?"

"ఇప్పుడే గదే పుట్టినాది. వొస్తాయి."

ఆటో ఆయన పడీ పడీ నవ్వాడు. బావ కూడా నవ్వాడు. ఎన్నాళ్ళకి నవ్వాడో. నేను ఖాళీ సిమెంటు సంచిలో మన్ను నింపి ఆటోలో వేయించాను.

ఆ తరవాత మిషను లేని రోజుల్లో అదే పని. పెరట్లో చాప వేసుకుని, పక్కన సత్తుగిన్నెతో నీళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు. ఆ గిన్నె నేనే నింపి పెట్టేదాన్ని. చేతులు తడిలో ఉంటే బాగుంటాదే అనేవాడు. కొబ్బరి ఈనెతో గీతలు పెట్టేవాడు. సరుగుడు కాయలు గుచ్చి ఒళ్ళంతా ముళ్ళు చేసేవాడు. మా అత్తకి ఇది నచ్చలేదు.

"ఇంట్లో జబ్బు మనిషుండగా రాకాసులేట్రా? దేవుడి బొమ్మలు సేసుకోవొచ్చు గదా."

"దేవుణ్ణి సేస్తే ముక్కు వంకరని అందరూ తప్పులెతుకుతారే అమ్మా. రాకాసికి తప్పేటుంటాది? ఎంత వంకరుంటే అంత రాకాసి."

రెండో చలికాలం. మిషను ఎక్కే ముందు బరువు చూస్తారు. రెండు కిలోలు పెరిగితే పరవాలేదు. ఆ నెలలో ఒకసారి మూడున్నర పెరిగింది, తరవాత నాలుగు. మెట్లెక్కితే ఆయాసం. సిస్టరు నన్ను పక్కకి పిలిచింది.

"నీల్లు ఎక్కువ ఇస్తన్నావమ్మా. జాలిపడి ఇస్తే నీకే నష్టం."

మూడు గ్లాసులకి మించి ఇస్తే నా చేతులు పడిపోవాలని ఒట్టు పెట్టాను. ఆమె నమ్మలేదు. ఇంటికొచ్చి నేను మా అత్త మీద పడ్డాను.

"నిజం సెప్పత్తా. నాను పనికెల్లినప్పుడు బావకి నీల్లిస్తన్నావా?"

"ఓలమ్మో! నా కొడుకుని నానే సంపుకుంతానేటే?"

"కన్నదానివి. అడిగితే నీ మనసు ఆగదు గదా."

"అయితే ఆ మనసు నీకు నేదన్నమాట."

మూడు రోజులు ఇద్దరం మాట్లాడుకోలేదు. బావ అంతా విన్నాడు. విని, మన్ను పిసుక్కుంటూ కూర్చున్నాడు.

ఆ శనివారం పిక్కల లోడు రాలేదని ఫ్యాక్టరీలో మధ్యాహ్నమే పంపించేశారు. ఇంటికొస్తే అత్త గుమ్మంలో బియ్యం ఏరుతోంది. నేను పెరట్లోకి వెళ్ళాను. బావ మన్ను తడిపే సత్తుగిన్నెని రెండు చేతులా ఎత్తి, గంజి తాగినట్టు తాగుతున్నాడు. నన్ను చూసి నెమ్మదిగా కింద పెట్టాడు. మీసాల మీద బురద చార ఉంది.

"ఎన్నాల్ల నుండి, బావా?"

అరచేత్తో మీసాలు తుడుచుకున్నాడు. "మన్ను అడుక్కి దిగినదాకా ఆగుతాను. పైన తేటగానే ఉంటాది."

"పశువులాగ బురదనీల్లు తాగుతావా?"

"పశువుకి ఎవులూ కొలిసి పెట్టరే."

నాకు ఒళ్ళు మండిపోయింది. గిన్నె తన్నేశాను. మన్ను సంచి ఈడ్చుకెళ్ళి కంచె అవతల గుమ్మరించాను. తిట్టాను. నేనేం తిట్టానో ఇక్కడ రాయలేను. నువ్వు పోతే నాకెవరున్నారు అనడానికి బదులు వేరే మాటలు వచ్చాయి నా నోట్లోంచి. ఆఖరికి అత్త వచ్చి నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. నేను తన మీద వేసిన నింద గురించి ఆమె ఒక్క మాట కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

బరువు రెండు కిలోల లోపుకి వచ్చింది. సిస్టరు మెచ్చుకుంది. బావ మాత్రం గోడకి ఆనుకుని కూర్చుని ఉండేవాడు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, మన్ను లేకపోయినా వేళ్ళు మాత్రం పిసుకుతున్నట్టు కదుపుతూ. పది రోజులు చూసి అత్తే అంది.

"ఆ మన్నేదో తెచ్చియ్యవే. ఆ రాకాసులే నయం. ఇలగ సూడనేకపోతన్నాను."

కంచె అవతల మన్ను ఎండి గడ్డకట్టింది. ఏరుకొచ్చి, రాయితో పొడి చేసి, వంటింట్లో తలుపేసుకుని నేనే తడిపాను. ఎన్ని నీళ్ళు పడతాయో నాకు తెలీదు. మొదటిసారి జారిపోయింది, రెండోసారి పెళుసైంది. చేతికి అంటుకోకుండా మెత్తగా వచ్చేదాకా పిసికి, ఉండలు చేసి, తడిగుడ్డలో చుట్టి బావ ముందు పెట్టాను. గిన్నె పెట్టలేదు. ఆయన ఉండల్నీ నన్నూ చూశాడు.

"మరి బీట్లిస్తే?"

"నన్ను పిలు. నాను తడెడతాను."

అలా నేను ఈ పనిలోకి వచ్చాను. ఆయన ముక్కు పెట్టేవాడు, అది బీటలిచ్చేది, నేను వేలు తడుపుకొచ్చి రాసేదాన్ని. ఒక్క బొమ్మకి నాలుగు చేతులు. పొట్ట లోపల మన్ను తీసి డొల్ల చెయ్యాలని, లేకపోతే కాల్చినప్పుడు పేలిపోతుందని ఆయనే నేర్పాడు. నీడలో గోనెపట్టా కప్పి నెమ్మదిగా ఆరబెట్టి, కొబ్బరి డొక్కల, అంటే పీచు తొక్కల, మంటలో కాల్చేవాళ్ళం. టప్పుమని చప్పుడొస్తే, "పోనాది ఒకటి" అని అత్త లోపల్నుంచే కేకేసేది.

వాటికి పేర్లు పెట్టేవాడు. ఒకటి ఉప్పు. ఒకటి సూది. ఒకరోజు ఒక ఆడరాకాసిని నా చేతిలో పెట్టాడు. కళ్ళు ఉరుముతున్నాయి, కొప్పు ఉంది, చేతిలో ఏదో పట్టుకుని ఉంది.

"ఇదెవులు బావా?"

"సేతిలో గ్లాసు సూడు. నువ్వే."

అత్త నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. నేనూ నవ్వాను. ఆ గ్లాసు నేనే రెండుసార్లు తడిచేసి అతికించాను మరి.

ఆ చలికాలంలోనే ఆఖరిసారి శ్రీముఖలింగం వెళ్ళాం. మంచు విడి ఎండ ఎక్కింది. ఏరు సన్నగా, ఇసక తిన్నెల మధ్య పారుతోంది. బావ నీళ్ళ పక్కనే కూర్చుని కాళ్ళు ఏట్లో పెట్టాడు. అంత నీటి పక్కన ఆయన్ని కూర్చోబెట్టి నేను కాపలా కాశాను. ఆయన గట్టు మన్ను తీసి ఒక రాకాసిని చేశాడు, నోరు ఒక్కటే ఉన్నదాన్ని. ఆ నోట్లోకి దోసిలితో ఏటి నీళ్ళు పోశాడు. నిండింది. మళ్ళీ పోశాడు. దవడ జారింది, మొహం మెత్తబడింది. కరిగి ముద్దైపోయేదాకా పోస్తూనే ఉన్నాడు.

"తాగు. నీకు కొలతెట్టినోలు నేరు" అన్నాడు దాంతో.

తరవాత నా వైపు తిరిగి అడిగాడు, "ఒక్క గుక్కే. ఈ ఏటి నీల్లు."

పొద్దుటినుంచి రెండు గ్లాసులైపోయాయి. సాయంత్రం మాత్రలకి ఒకటి కావాలి. "ఇంటికెల్లినాక, బావా" అన్నాను.

"సరే" అన్నాడు. బతిమాలలేదు. దోసిలి ఏట్లో ముంచి మొహం కడుక్కున్నాడు. పెదాలు గట్టిగా మూసుకుని, నాకు కనబడేలా కడుక్కున్నాడు.

నెల తిరక్కుండా జ్వరం వచ్చింది. చేతిలో కట్టిన నరం దగ్గర చీము పట్టి, ఒళ్ళంతా పాకిందన్నారు. పెద్దాసుపత్రిలో వారం ఉంచారు. నీళ్ళ వల్ల కాదు, ఇది వేరే అని డాక్టరు చెప్పాడు. నేను రెండుసార్లు అడిగితే రెండుసార్లూ అదే చెప్పాడు. ఇంక ఇంటికి తీసుకెళ్ళమన్నారు.

ఇంటికి తెచ్చిన మర్నాడు పొద్దున్న ఎనిమిది గంటల వేళ, ఊపిరి ఆగి ఆగి వస్తోంది. చాప మీద పడుకోబెట్టారు. చుట్టుపక్కల వాళ్ళు, చుట్టాలు చేరారు. మా ఆడబిడ్డ గ్లాసులో నీళ్ళు పోసి తులసాకు వేసి తెచ్చింది. మాలో పోయే మనిషికి అయినవాళ్ళంతా తలా కొంచెం నోట్లో పోస్తారు. ఆడబిడ్డ పోసింది. పెదాలు కదిలాయి. గొంతు కదిలింది. మింగాడు. ఆటో ఆయన పోశాడు. మింగాడు. బావ పెదనాన్న కొడుకు చేతులు వణికి ఎక్కువే పోశాడు. అవీ కొంత లోపలికి వెళ్ళాయి, కొంత దవడ మీంచి కారాయి.

"సాలు" అన్నాను నేను. "సాలు, సాలు. అంత పొయ్యొద్దు. రేపు మిషనుకెల్లాల."

అందరూ ఆగిపోయారు. ఆడబిడ్డ నా మొహం చూసింది, భయపడినట్టు. నేనేమన్నానో నాకు అప్పుడు తెలిసింది.

మా అత్త ఆడబిడ్డ చేతిలోంచి గ్లాసు తీసుకుంది. నా పక్కకి జరిగి, నా వేళ్ళు తనే విప్పి చేతిలో గ్లాసు పెట్టింది.

"నువ్వే పొయ్యమ్మా" అంది. "ఇంక కొలత నేదు."

గ్లాసు సగానికి పైనే ఉంది. బావ తల నా ఒళ్ళోకి తీసుకుని కొద్దికొద్దిగా పోశాను. రెండు గుక్కలు మింగాడు. మూడోది నోట్లోనే ఉండిపోయింది.