పాము కింద ఏం పరచాలి

మా అమ్మాయి పెంచుకునే పాము ఇంటికొచ్చిన రోజున నూట డెబ్భై రెండు గ్రాములు తూగింది. వంటింటి కాటా మీద మూత ఉన్న డబ్బా పెట్టి, డబ్బా బరువు తీసేసి చూశాను. ఆ కాటాను మళ్ళీ వంటింట్లోకి రానివ్వనని మా ఆవిడ ఆ పూటే ఇంకొకటి తెప్పించుకుంది.

అది కార్న్ స్నేక్ అనే విదేశీ జాతి. విషం లేదు, కాగితాలన్నీ ఉన్నాయి. మచిలీపట్నంలో ఉద్యోగం చేసుకుంటూ, ఏడాది పాటు దాని గురించి చదివి మరీ తెచ్చుకుంది అమ్మాయి. గాజు పెట్టెలో పాత న్యూస్‌పేపర్లు పరిచింది. నాకది నచ్చలేదు. రొయ్యల చెరువులకు మేత లెక్కలు కట్టడం నా పని. చదువు పదో తరగతితో ఆగినా ఈ లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. పెట్టె మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, పరుపు రెండంగుళాల మందం. ముప్పావు ఘనపుటడుగు సరిపోతుందని తేల్చి, గుడివాడ వెళ్ళినప్పుడు రైసుమిల్లు నుంచి ఊక తెచ్చాను. మా వైపు ఏది నలగకూడదన్నా, కరగకూడదన్నా ఊకే.

"దీనికి ఊక పడుతుందా నాన్నా?"

"కోడిపిల్లకి పడింది, దీనికి పడదా?"

నెల తిరక్కముందే పాము కుబుసం విడిచింది. ఒకే తొడుగులా రావలసింది ఏడు ముక్కలుగా వచ్చింది. తోక చివర పాత చర్మం ఉంగరంలా బిగుసుకుని ఉండిపోయింది. నోటి మూల ఊక పొట్టు గుచ్చుకుంది. "అది అలాగే బిగిస్తే తోక చివర చచ్చిపోతుంది నాన్నా" అంది అమ్మాయి.

గుడివాడలో తెలిసిన పశువుల డాక్టరు ఉంటే తీసుకెళ్ళాం.

"నేను గేదెల డాక్టర్నండీ బాబూ! సరే, మీరు పట్టుకోండి, చూస్తాను."

అప్పటిదాకా నేను దాన్ని తూచానే గాని పట్టుకోలేదు. చల్లగా, గట్టిగా, ఎక్కడా జిగట లేకుండా ఉంది. ఆయన నోటి మూల పొట్టు చిన్న పట్టకారుతో తీశారు. ఉంగరం జోలికి వెళ్ళలేదు.

"లాగితే కింది చర్మం కూడా వస్తుందండీ. రోజూ గోరువెచ్చటి తడిగుడ్డ చుట్టండి. వచ్చే కుబుసంతో దానంతటదే రావాలి. తోక నల్లబడితే మాత్రం వెంటనే రండి. ముందా ఊక తీసెయ్యండి. ఒకటే దుమ్ము, పైగా గుచ్చుకుంటుంది. తడిపితే బూజు."

తిరుగు ప్రయాణంలో చెక్కపొట్టు సంగతి అడిగాను. దేవదారు లాంటి చెక్కల ఘాటు పాము ఊపిరికి మంచిది కాదంది అమ్మాయి. తేమ లేకే కుబుసం ముక్కలైందట, కొబ్బరిపొట్టు అయితే తేమ పట్టి ఉంచుతుందట. మర్నాడే నాగాయలంకలో చెరువు పని ముగించుకుని, కొబ్బరిపీచు తీసే చోట ఆగాను. అక్కడి ఆవిడకు ఎందుకో చెప్పాను.

"పాముకా? అమ్మో బాబాయ్ గారూ! వర్షాకాలం మా పొట్టులోనే తిరుగుతుంటాయి. కావాలంటే ఒకటి పట్టుకుపోండి!" అని నవ్వి, బస్తా కడుతూ, "కడిగి వాడండి, ఇది ఉప్పుటేటిలో నానిన పీచు" అంది.

నీళ్ళలో ఎంత ఉప్పు కరిగిందో చూపే చిన్న మీటరు నా దగ్గర ఉంది. పెరట్లో పొట్టు నానబెట్టి పిండాను. మొదటి నీళ్ళు రెండు వేల నూట నలభై చూపించాయి. రెండోసారి పదకొండు వందల ఎనభై, మూడోసారి ఆరువందల నలభై, నాలుగోసారి నాలుగువందల ముప్ఫై. అయిదోసారీ అంతే. ఆరోసారి ఒకటి పెరిగింది. బస్తానే పారేద్దామా అనుకుంటుండగా మా ఆవిడ బట్టలారేస్తూ అడిగింది.

"ఏవండీ, ఉత్త కుళాయి నీళ్ళెంతో చూశారా?"

చూశాను. నాలుగువందల ఇరవయ్యారు.

"ఇన్ని చెరువులకి లెక్కలు కడతారు మళ్ళీ!"

నాలుగోసారికే అయిపోయిన పనిని నేను ఆరుసార్లు చేశాను.

ఆరబెట్టి, ముద్దగా కాక చేతికి చెమ్మ తగిలేంత తడితో పరిచాం. ఏసీ గదిలో ఊక మీద ముప్ఫయ్యెనిమిది శాతం చూపించిన తేమ మీటరు యాభయ్యెనిమిదికి వచ్చింది. తడిగుడ్డ చుట్టే పని నేనే తీసుకున్నాను. రోజూ ఇరవై నిమిషాలు అది నా మణికట్టు చుట్టుకుని ఉండేది. తోక చివర రంగు చూసి అమ్మాయికి చెప్పేవాణ్ణి. మారలేదు.

పొట్టు పరిచిన ముప్ఫయ్యారో రోజున పాము కళ్ళు పాలపొరలా తెల్లబడ్డాయి, కుబుసం దగ్గరపడిందంది అమ్మాయి. మరో వారానికి, ఆదివారం పొద్దున, "నాన్నా!" అని గదిలోంచి కేక.

కుబుసం కొబ్బరిపొట్టు మీద ఒకే తొడుగుగా ఉంది. అమ్మాయి దాన్ని అరచేతుల్లో పరిచి చివర చూపించింది. ఉంగరం దాంతోపాటే వచ్చేసింది. పెట్టెలో పాము తోక చివరి దాకా నిగనిగలాడుతోంది.

టేపు తెచ్చాను. కుబుసం నూట ఎనిమిది సెంటీమీటర్లు, పాము తొంభై ఒకటి. మళ్ళీ కొలిచినా అంతే.

"ఎక్కడ తప్పాను?" అన్నాను.

"తప్పలేదు నాన్నా, విడిచేటప్పుడు కుబుసం సాగుతుంది" అని నవ్వి, అమ్మాయి పామును తీసి నా చేతికిచ్చింది.