మోతి కార్డు మీద మా ఊరి పేరు

మా చిన్నప్పుడు... సూరత్‌లోని బమ్రోలీలో మా గల్లీకి కుక్కల్ని పట్టుకుపోయే బండి వచ్చిందంటే చాలు, ఆడవాళ్ళు పొయ్యి మీది అన్నం వదిలేసి బయటికి ఉరికేవాళ్ళు. ఎవరి కుక్కను వాళ్ళు చంకనేసుకుని లోపలికి తెచ్చి గొళ్ళెం పెట్టేవాళ్ళు. ఎవరిదీ కాని కుక్కలు పాపం... బండెక్కేవి.

మా కుక్క పేరు మోతి. అది గల్లీ పిల్లలు పెట్టిన హిందీ పేరు. అమ్మ మాత్రం "ముత్యాలూ" అని పిలిచేది... దేనికైనా పలికేది ఆ పిచ్చిది.

ఆ ఏడు పక్క గల్లీలో ఒక పిల్లాణ్ణి కుక్క కరిచింది. ఆసుపత్రి చుట్టూ తిరిగి తిరిగి బతికి బయటపడ్డాడు. ఇక పెంపుడు కుక్కలన్నిటికీ రేబీస్ సూది వేయించాలి, పేరు రాయించాలి, కార్డు లేకుంటే పట్టుకుపోతాం అని మున్సిపాలిటీవాళ్ళు మైకులో చెప్పుకుంటూ పోయారు.

మా బాపు బట్ట నేసే సాంచెల కార్ఖానాలో రాత్రి పాళీ చేసి అప్పుడే ఇంటికొచ్చాడు. స్నానం లేదు, చాయ్ లేదు... తల నిండా దారం పోగులు. అట్లాగే మోతికి తాడు కట్టి, సూదులేస్తున్న స్కూలు మైదానానికి బయల్దేరాడు. వెనకాలే నేను. సూది దిగుతుంటే మోతి కిక్కురుమనలేదు, నేనే ఏడ్చాను.

రాసుకునే ఆయన అడ్రసు అడిగాడు. బాపు టక్కున సిరిసిల్ల పక్కనున్న మా ఊరి పేరు చెప్పాడు. ఆలోచించి చెప్పింది కాదది... మా గల్లీలో ఎవర్నడిగినా అంతే. రేషన్ కార్డు అక్కడ, ఓటు అక్కడ. ఇక్కడున్నది కిరాయి గది. "ఈడేమున్నది బిడ్డా... నాలుగు దినాలుండి పోయేటోళ్ళం" అనేవాడు బాపు. ఆ నాలుగు దినాలు అప్పటికే పదేళ్ళు దాటాయి.

ఆయనా చెప్పింది చెప్పినట్టు రాసేశాడు. పుట్టిన నాటి నుంచి బమ్రోలీ దాటని మోతి మా ఊరి కుక్కయి కూర్చుంది! అమ్మ ఒకటే నవ్వు... "బతుకమ్మకు దీన్ని గూడ తోల్కపోదమా?"

ఒకరోజు నేను బడిలో ఉన్నాను, అమ్మ నీళ్ళ లైన్లో ఉంది, బాపు పనికి పోయాడు. కార్డేమో ఇంట్లో ఉంది... బండి వచ్చి వీధిలో ఉన్న మోతిని పట్టుకుపోయింది.

కుక్కల్ని ఉంచే చోటికి ముగ్గురం పోయాం. ఇనప జాలీ వెనక నుంచి మమ్మల్ని చూసి మోతి తోక ఊపుతూనే ఉంది. గుమాస్తా కార్డు చదివి తల అడ్డంగా ఊపాడు. "యే తో ఆంధ్రా కా కుత్తా హై" అన్నాడు. అప్పట్లో మేమంతా వాళ్ళకు ఆంధ్రావాళ్ళమే. ఇక్కడ ఉండేవాళ్ళ కుక్కనే ఇస్తాం, ఇంతకీ మీరెక్కడివాళ్ళు అని హిందీలో అడిగాడు.

బాపు కార్డు వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆ ప్రశ్నకు ఆయన దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు ఉండేది. అది చెబితే మోతి రాదు.

అమ్మకు ఓపిక నశించింది. "చెప్పరాదూ! గిట్ల నిలబడితే ఇస్తడా?"

"సూరత్ కా హూ సాబ్..." అన్నాడు బాపు. గుమాస్తా వినపడక మళ్ళీ చెప్పమన్నాడు. "బమ్రోలీ మే ఘర్ హై." ఆ కిరాయి గదిని బాపు ఇల్లనడం నేను అదే మొదటిసారి వినడం. గుమాస్తా మా ఊరి పేరు కొట్టేసి, పైన కొత్త అడ్రసు రాసి కార్డు చేతికిచ్చాడు.

మోతికి దారంతా గంతులే. బాపు మాత్రం రెండు పాళీలు వరసగా చేసినవాడిలా నడిచాడు. గదికొచ్చి గోడకు ఆనుకుని, "కుక్క కోసం ఊరినే కొట్టేపిచ్చిన" అన్నాడు. అమ్మ అన్నం పెట్టింది. ఆయన్ని చూస్తే నాకు జాలేసింది... తలుచుకుంటే ఇప్పటికీ వేస్తుంది.

నిన్న మా పిల్లికి ఏటా వేయించే సూది వేయించి, ఫోన్లో దాని రిజిస్ట్రేషన్‌కి కూర్చున్నాను. ఫోటో ఎక్కదు, ఓటీపీ రాదు, సంతకానికి మా అపార్ట్‌మెంట్ సొసైటీవాళ్ళు రేపు రమ్మంటారు... ప్రాణం విసిగిపోయింది. అడ్రసు ఒక్కటే నన్ను అడగలేదు, సూరత్ అని ఫోనే నింపేసుకుంది. అక్కడ బాపు అయితే ఒక్క క్షణమైనా ఆగేవాడు. నేను ఆగలేదు... ఆగడానికి నాకు ఇంకో ఊరు లేదు.

మీ ఇళ్ళల్లో "మాది ఈ ఊరే" అని మొదట ఒప్పుకున్నది ఎవరండీ? ఎవరి కోసం ఒప్పుకున్నారు?... రాయండి, చదవాలని ఉంది.