బాలింత దూది

మొన్న మా మనవడు కార్ల పందెం చూడ్డానికి మద్రాసు పోతూ, చెవులమీద బోర్లించుకునే ఎర్రటి చిప్పల్లాంటివి తెచ్చి చూపించాడు. ఇంజన్ల మోతకు చెవులు పోకుండానట. తగిలించుకొని అద్దం ముందు నిలబడ్డాడు. పక్కనే వాడి బావ ఉన్నాడు. నవ్వుతాడేమోనని నేను ఊపిరి బిగబట్టాను. నవ్వలేదు. తనకూ ఒకటి కొనమన్నాడు.

మాది తమిళనాట కోవిల్‌పట్టి పక్క నల్లరేగడి నేల. పత్తి ఏరే కాలంలో ఇంట్లో మనిషి పడుకోవడానికి చోటుండదు, దూదికి మాత్రం చోటుంటుంది. అంత దూది ఉన్నా చెవిలో పెట్టుకునేది ఒక్క బాలింతే, చలిగాలి చొరబడకుండా. మొగవాడు పెట్టుకోవడం ఎవరూ ఎరగరు. తెల్లదొరల రాజ్యంలో, ముప్పైల నాటి మాట. నేను తొలిచూలు బాలింతను. పత్తి మిల్లు సొంతదారుడైన ముదలాళి ఒకడూ, జమీందారు అల్లుడు ఒకడూ ఎవరి కారు ముందు విరుదునగరం చేరుతుందో తేల్చుకుంటామన్నారు. వేగం కోసమని మోతను అణిచే డబ్బాలు ఊడబెరికించారట. మా ఇల్లు రోడ్డు పక్కనే. పందెం మొదలయ్యేది మా వాకిట్లోనే. నా పెనిమిటి మంచి పొడగరి, అందుకని ఎర్రగుడ్డ ఊపే పని ఆయనకు పడింది. కార్లకు చెయ్యి చాపినంత దూరంలో నిలబడాలి.

ముందునాడు ఆ కార్లు ఒకసారి ఊళ్ళోకి వచ్చిపోతేనే దూడలు పలుపులు తెంపుకున్నాయి. అది చూసిన మా అత్త పందెంనాడు పసివాణ్ణి లోపలి గదిలో పత్తి గుట్ట వెనక పడుకోబెట్టింది. ఆముదంలో తడిపిన దూది ఉండలు రెండు కొడుకు చేతిలో పెట్టి, "ఈ ఇంజన్ల సత్తం లోపలికి పోతే చెవి మళ్ళా రాదురా. ఎవురు నవ్వితే నీకేమి? వాళ్ళ పండ్లే ఎండకు ఎండతాయి" అంది. ఆయన పెట్టుకున్నాడు. నా ప్రాణం కుదుటపడింది.

రోడ్డుకు రెండు పక్కలా జనం. అందులో మా అన్న. బావను ఎగతాళి చేయడం మాలో హక్కు, చేయకపోతేనే తప్పు. ఆయన చెవులు చూసి, ఊరంతా వినేట్టు అడిగాడు.

"ఏమి బావా, కానుపు ఎప్పుడాయె? మొగబిడ్డా, ఆడబిడ్డా?"

రోడ్డు రోడ్డంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే దూది పీకి పారేశాడు. గడపలో ఉన్న నేను వద్దని చేతులు ఊపాను. బాలింత గడప దాటకూడదు. అరిచాను, కానీ అప్పటికే ఇంజన్లు అందుకున్నాయి. నా చెవుల్లో దూది ఉన్నా రొమ్ములో ఏదో బద్దలైనట్టయింది. గూట్లో దీపపు బుడ్డి అదిరి కిందపడింది. ఎర్రగుడ్డ లేచింది. ఆయనకు ఎడమవైపున్న కారు పొగగొట్టం తుపాకిలా పేలింది. తర్వాత అంతా దుమ్మే. ఎవరు గెలిచారో నాకు ఈనాటికీ తెలియదు, అడగనూ లేదు.

ఆయన లోపలికి వచ్చి, "పోయిరి" అని పొలంలో అవతలి గట్టు మనిషిని పిలిచినట్టు అరిచాడు. కోపమనుకున్నాను. ఇంతలో గుట్ట వెనక పసివాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఆయన అటు వీపు పెట్టి కూర్చుని కాళ్ళ దుమ్ము దులుపుకుంటున్నాడు. తల తిప్పలేదు. అత్త నన్ను చూసింది, నేను అత్తను చూశాను. ఆమె ఇత్తడి చెంబు తీసి ఆయన వెనక నేలమీద పడేసింది. చెంబు దొర్లి దొర్లి ఆయన కాలికి తగిలి ఆగింది. అప్పుడు తిరిగాడు.

కుడిచెవి కొన్నాళ్ళకు వచ్చింది. ఎడమది రాలేదు. ఆ పైన నేను బతుకంతా ఆయన కుడిపక్కనే నడిచాను. మా అన్న మాత్రం ఎప్పుడు వచ్చినా ఎడమపక్కన కూర్చుని తల వంచుకునేవాడు. ఎగతాళి మానేశాడు. ఒకనాడు ఆయనే ఆగలేక, "ఏమి బావా, నా కానుపు సంగతి అడగవే?" అన్నాడు. మా అన్న లేచి వాకిట్లోకి పోయాడు.

ఇద్దరూ లేరిప్పుడు. ఆ ఒక్క మాట అడగడానికి మా అన్నకు రెప్పపాటు పట్టింది. అది అడగని బావను మొన్న మా మనవడి పక్కన చూడడానికి నాకు ఇంత కాలం పట్టింది.