వాయిద్యమని రాయమన్న గొంతు

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. నా భార్య రూతు చనిపోయాక, కలలో కనిపిస్తోందా అని అడిగినవాళ్ల మీద కోపమే వచ్చింది. ఇది రాస్తున్నదీ కోపంతోనే.

తెలంగాణ ఉద్యమం సాగుతున్న రోజులు. మేమిద్దరం మాదాపూర్‌లో ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్లం. విదేశంలోని ఒక లైబ్రరీ తన దగ్గరున్న యూదుల సంగీతం టేపులను ఫైళ్లుగా మార్చి పంపేది. ఒక్కోటి విని, ఏ పాట, ఎవరు పాడారు, ఏ సందర్భం అని కేటలాగ్‌లో ఎక్కించడం మా పని. నాది కొత్తగూడ, ఆమెది గుడివాడ. రాష్ట్రం విడిపోతే మీ వంటగది ఎవరికి వస్తుందని ఆఫీసులో ఆటపట్టించేవారు. "వంటగది మీరే ఉంచుకోండి, వండుకోండి" అనేది రూతు నాతో.

యూదుల పాటల్లో మాటల్లేనివి చాలా ఉంటాయి. విశ్రాంతి దినాన భోజనాల దగ్గర కూర్చుని ఒట్టి రాగమే కలిసి పాడతారు. వాటికి పేరుండదు. అందుకని రూతు ప్రతి రాగం మొదటి వరుసను తానే పాడి చూసుకునేది. అలా రెండు ఊళ్ల టేపుల్లో ఉన్నది ఒకే రాగమని పట్టుకునేది. ఊపిరి అందక, ఏ రాగాన్నయినా చివర కిందికి దించేసి, బల్ల మీద రెండు వేళ్లతో రెండుసార్లు తట్టేది. చర్చి క్వయర్‌లో చిన్నప్పటి నుంచీ ఈ అలవాటుకే తిట్లు తినేదని వాళ్లమ్మ చెప్పింది.

మా మేనేజర్‌కు ఇదంతా ఆలస్యం. మాటలు లేకపోతే వాయిద్య సంగీతం కింద వేసెయ్యమన్నాడు. మనుషులు నోరారా పాడితే వాయిద్యమట. రూతు ఒప్పుకోలేదు. జ్వరంతో దవాఖానలో చేరేదాకా పోట్లాడుతూనే ఉంది. తిరిగి రాలేదు. ఆమె నమోదు చేసినవన్నీ వాయిద్యాలుగా మార్చే పని అతను నాకే అప్పగించాడు. ఏదో ఒక వంక చెప్పి దాన్ని ముట్టుకోలేదు.

ఒక బంద్ రోజు. కంపెనీ బస్సు లేక నడిచి వెళ్లాను. మా హాల్లో నేనూ, మూసాపేట నుంచి ఎవరి బండి మీదో వచ్చిన మా తోటి ఉద్యోగి శ్రీలతా, అంతే. పట్టపగలు. లైబ్రరీ నుంచి అప్పుడే వచ్చిన ఫైలు తెరిచాను. రూతు దాన్ని వినే అవకాశమే లేదు. ఒక ముసలాయన మాటల్లేని రాగం పాడుతూ, దగ్గు వచ్చి ఆగాడు. ఒక ఆడగొంతు అందుకుంది. చివర కిందికి దించేసింది. తర్వాత బల్ల మీద రెండు తట్లు.

ఏమీ చెప్పకుండా హెడ్‌ఫోన్స్ శ్రీలతకు ఇచ్చాను.

"అన్నా, గిది వదిన గొంతే గదా. గిందులకెట్లొచ్చింది?" అంది.

మర్నాడు మేనేజర్ విన్నాడు. "ఆవిడ పాడుకున్నదేదో పొరపాటున కలిసిపోయి ఉంటుందండీ. ఆ ముక్క కోసి పారేయండి" అన్నాడు.

బతికున్నప్పుడు ఆమె మాట పొరపాటు. పోయాక గొంతు కూడా పొరపాటే. నాకు ఒళ్లు మండింది. లైబ్రరీని అడగకుండా ఒక్క ముక్కా కొయ్యనని అతని మొహం మీదే చెప్పాను. మాటల్లేని పాటల సంగతి కూడా కలిపి నేనే వాళ్లకు రాశాను.

జవాబు వచ్చింది. గొంతును గొంతు అనే రాయమన్నారు. రూతు చేసిన పని చెరిగిపోకుండా నిలిచింది. ఇక ఆ స్త్రీ పాట వాళ్ల అసలు టేపులోనూ ఉందట. మేమెవరమూ పుట్టకముందు రికార్డు చేసినదట. పాడింది ఎవరో వాళ్లకూ తెలియదు.

పాడినవారి పేరు అన్నచోట ఖాళీ మిగిలింది. తెలియనిదాన్ని తెలియదనే రాయాలని రూతు అనేది. "పేరు తెలియని స్త్రీ" అని నా చేత్తోనే ఎక్కించాను.

ఇద్దరి గొంతులు కలవొచ్చని శ్రీలత ఇప్పుడంటుంది. కలవొచ్చు. ఆ దించడం, ఆ రెండు తట్లు ఎలా కలిశాయో ఆమె చెప్పలేదు, నేనూ చెప్పలేను. కేటలాగ్‌లో నేను రాసింది నిజమో అబద్ధమో ఇప్పటికీ తెలియదు.