కృపారాణి తప్పిన చావిల్లు

మా నానమ్మ కృపారాణి గొంతు సవరించుకుంటే తార్నాకలో మెట్రో రైలు ఆగిపోయేది, సముద్రాల అవతల రాజుగారు కిరీటం సర్దుకునేవారు. నమ్మనివాళ్లు ఒక్కపూట ఆమెతో ఒకే ఇంట్లో ఉండి చూడండి.

మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టిన ఆ గొంతుకు పదును పెట్టింది యూనివర్సిటీ హాస్టల్. మెస్‌లో పోసే నీళ్ల సాంబారును గిన్నెతో సహా మోసుకెళ్లి వార్డెన్ బల్ల మీద పెట్టి, "తాగుండ్రి సార్" అందట. ఆ తర్వాత కార్పొరేటర్, ఆపైన ఎమ్మెల్యే. పెళ్లిళ్లు ఎగ్గొట్టేది గానీ చావింటికి మాత్రం వెళ్లక మానేది కాదు. శవం లేవకముందే వెళ్లి, ఆడవాళ్ల మధ్య నేల మీద కూర్చునేది. లాలాపేట్‌లో ఆమె పార్టీ జెండా మోసిన పోచమ్మ భర్త పోయినప్పుడు పాడె కదిలేదాకా అక్కడే ఉంది.

ఒకసారి పార్టీ టికెట్ ఇవ్వలేదు. ఆమె అలిగి అల్లరి చేయకుండా, ఢిల్లీలో చెప్పి ఒక ఎడారి దేశానికి రాయబారిగా పంపించింది. అక్కడ నేర్పిన మొదటి విద్య గొంతు తగ్గించడం. నానమ్మకు అది వచ్చిందంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఖర్మకొద్దీ, బాగానే వచ్చింది.

పోచమ్మ కొడుకు వెంకటేశం ఆ దేశంలోనే లారీ నడిపేవాడు. ప్రమాదం కేసులో జైలుపాలయ్యాడు. లోపల జ్వరంతో పడి ఉన్నాడని తెలిసి, జైలుకు పోయి లొల్లి చేస్తానంది నానమ్మ. "లొల్లి చేస్తే విడుదల మాటలు చెడతాయి మేడం" అన్నారు కింది అధికారులు. ఆమె ఆగింది. "మాటలు నడుస్తున్నయ్ పోచమ్మా, జర ఓపిక పట్టు" అని ఫోన్‌లో చెప్పింది. తల్లి ఓపిక పడుతుండగానే కొడుకు జైల్లో చనిపోయాడు. శవపేటిక లాలాపేట్ చేరిన రోజున నానమ్మ ఆ దేశంలోనే ఏదో విందులో ఉంది.

పదవి ముగిసి తిరిగొచ్చిన మర్నాడే నా బండెక్కి లాలాపేట్ పోయింది. పోచమ్మ తిట్టినా సరే, తనను పాత మనిషిలా చూస్తే చాలనుకుంది. నేల మీద కూర్చోబోతుంటే పోచమ్మ ప్లాస్టిక్ కుర్చీ జరిపింది.

"గీడ కూసోండ్రి మేడం."

ఎప్పుడూ అక్కా అని పిలిచిన నోరది. నానమ్మ కుర్చీలో కూర్చుంది. చావింట్లో ఎలా మాట్లాడాలో అందరికన్నా బాగా తెలిసిన మనిషి, ఆ దేశంలో అలవాటైన మాటే అనేసింది.

"కేసు విషయంల మా ప్రయత్నం మేము చేసినం."

"మేమంటే ఎవలు? సర్కారా?" అంది పోచమ్మ. "సర్కారోళ్లు ఎన్నడో చెప్పిపోయిన్రు. మెస్సుల సాంబారుకు గొంతు చించుకొని ఒర్రినవంట గద. నా కొడుక్కు ఒర్రకపోతివి."

చాయ్ తాగుతావా అని కూడా అడగకుండా పోచమ్మ లోపలికి పోయింది.

ఇప్పుడు నానమ్మ పొద్దున్నే క్యాంపస్‌లో నడుస్తుంది. పిల్లలు మైకు పట్టి నినాదాలిస్తుంటే ఆగి వింటుంది. ఆమె గురించి రాస్తున్నానని అక్కడే చెప్పాను.

"ఆఖరుకు పోచమ్మ నిన్ను మాఫ్ చేసిందని రాస్త నానమ్మా. చదివేటోళ్లకు జర మంచిగుంటది."

"ఆమె మాఫ్ చెయ్యలేదు రా. నేను అడగనుగూడ అడగలే. గట్లనే రాయి, లేకుంటే రాయకు."