నా గురించి ఏమీ చెప్పొద్దు

పెళ్ళి చెడగొట్టుకోవడానికి మనుషులు రకరకాల దారులు ఎంచుకుంటారు. కొందరు పేకాట ఆడతారు. కొందరు పెళ్ళిచూపుల్లో పాట పాడతారు. నేను ఏకంగా దేశ భద్రతను వాడుకున్నాను. అంత పెద్ద ఆయుధంతో ఇంత చిన్న పని చేసినవాడు మరొకడు ఉంటే చెప్పండి, వెళ్ళి కలిసి వస్తాను.

డెబ్బైల చివర నేను నంద్యాలలో ఉండేవాణ్ణి. దేశ భద్రత చూసే ఒక కేంద్ర సంస్థలో సమాచారాన్ని సర్దిపెట్టే ఉద్యోగం. సంస్థ పేరు ఇప్పటికీ చెప్పను, పెన్షన్ మీద ఆధారపడ్డవాణ్ణి. నాలుగు దిక్కుల నుంచీ చీటీలు వచ్చేవి. వాటిని చదివి, కార్డుల మీదికి ఎక్కించి, ఏ విషయానిది ఆ పెట్టెలో పెట్టి, పైవాళ్ళు అడిగినప్పుడు తీసి పంపాలి. చీటీల్లో చాలావాటి సారాంశం, వానలు పడలేదని. ఆ రోజుల్లో నంద్యాలలో దేశ భద్రతకు ఎండ తప్ప వేరే ముప్పు నాకు కనిపించలేదు.

ఆఫీసు సుబ్బయ్య శెట్టి కిరాణా అంగడి మీది గది. బోర్డు లేదు. ఎదురుగా మాబు టీ హోటలు. చేరిన కొత్తలోనే ఇద్దరినీ పక్కకు పిలిచి గొంతు తగ్గించి చెప్పాను.

"మాది విత్తనాల ఆఫీసు. పోటీ కంపెనీల వాళ్ళు కూపీ లాగడానికి వస్తారు. నా గురించి ఎవరడిగినా ఏమీ చెప్పొద్దు."

"మా నోట్లోనుంచి ఒక్క మాట రాదు సార్," అన్నాడు మాబు. శెట్టి తల ఊపాడు. నేను సైన్యాన్ని సరిహద్దులో నిలబెట్టినంత తృప్తిగా మెట్లెక్కాను.

తరువాత చాలా నెలలకు ఆళ్ళగడ్డలో పెళ్ళిచూపులు. అమ్మాయి శాంతకుమారి, టీచరు. వాళ్ళ నాయన దేవదానం, రిటైరైన హెడ్మాస్టరు. చూపుల నాడు ఆయన చుట్టాలెవరినో సమాధి చేసే కార్యక్రమానికి ఊరెళ్ళడం వల్ల మేనమామే అంతా నడిపించాడు. అమ్మాయి నన్ను సూటిగా అడిగింది.

"మీరు ఏం పని చేస్తారు?"

"సెంట్రల్ గవర్నమెంటు. కాగితాలు చూస్తాను."

"చూసి?"

"మళ్ళీ పెడతాను."

ఆమె నవ్వింది. ఆ నవ్వుతో నా బుర్రలోని కార్డులన్నీ కలిసిపోయాయి. "మా బావ వచ్చినాక కబురు చేస్తాం," అన్నాడు మేనమామ.

ఆ కబురు కోసం నేను పడ్డ అవస్థ చెప్పుకోదగ్గది కాదు, అయినా చెబుతాను. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే కిటికీ దగ్గరికి వెళ్ళాలనిపించేది. వానల చీటీలు దొంగల పెట్టెలో, దొంగల చీటీలు వానల పెట్టెలో పెట్టాను. పెనం మీద జొన్నరొట్టెకైనా ఒక వైపు కాలేదాకా నిలకడ ఉంటుంది, నాకు అదీ లేదు.

అలాంటి ఒక మధ్యాహ్నం మాబు మెట్లెక్కి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"సార్, వచ్చినాడు."

"ఎవరు?"

"మీరు చెప్పిన కూపీ నా కొడుకు. పొడుగ్గా ఉండాడు, చేతిలో గొడుగు. తాగుతాడా, కోపిష్టా, పొద్దుగూకితే యాడికి పోతాడు, అన్నీ అడిగినాడు."

పాఠకులారా, మీకు అప్పుడే అర్థమైపోయింది. మీకు శిక్షణ లేదు కాబట్టి అర్థమైంది. నాకు శిక్షణ ఉంది. తాగుతాడా అంటే సీసాతో లొంగదీసుకోవడానికి. కోపిష్టా అంటే రెచ్చగొట్టడానికి. కాబోయే మామ అయితే నలుగురితో, పండ్లబుట్టతో వస్తాడు కానీ గొడుగుతో వస్తాడా?

"ఏం చెప్పావు?"

"పెండ్లయింది, ఇద్దరు పిల్లోళ్ళు, కోయిలకుంట్లలో ఉండారని చెప్పినా. వాడు ఆడికి పోయి ఎతుక్కుంటాడు, మనకు పీడ పోతాది."

"శెట్టిగారు?"

"ఆయన ఇంకా గట్టోడు సార్. రోజూ తాగి మెట్ల మీద పడితే మేమే లేపి పండుకోబెడతాండామని చెప్పినాడు. ఇట్లాంటోని కాడ ఏం రహస్యాలు ఉంటాయిలే అని వాడు పోవల్ల కద."

నేను మాబు భుజం తట్టాను. అవును, తట్టాను.

వారం గడిచినా ఆళ్ళగడ్డ నుంచి కబురు లేదు. ఇక ఆగలేక ఆదివారం బస్సెక్కాను. ఇంటి ముందుకు వెళ్ళేసరికి తలుపు పక్కన మేకుకు గొడుగు వేలాడుతోంది. దాని కింద పొడుగాటి మనిషి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నా కాళ్ళు బస్టాండు వైపు తిరిగాయి, నేను మాత్రం తిరగలేకపోయాను.

"రా అప్పా," అన్నారు దేవదానం గారు. "పిల్లోళ్ళు బాగుండారా?"

"ఏ పిల్లలు సార్?"

"కోయిలకుంట్లలో ఉండేటోళ్ళు."

"సార్, నాకు పెళ్ళే కాలేదు. అదంతా భద్రత కోసం చెప్పిన మాట."

"తాగేది కూడా భద్రత కోసమేనా?"

తలుపు వెనక నుంచి శాంతకుమారి గొంతు వినిపించింది. "నాయనా, ఇంకోసారి పోయిరా. ఈసారి ఈయన్నే ముందర నిలబెట్టి అడుగు."

ఆ మాటతో ప్రాణం లేచివచ్చింది. బస్సులో ఆయన గొడుగు మా ఇద్దరి మధ్య సరిహద్దు కంచెలా నిలబడింది. నంద్యాలలో దిగి నేరుగా హోటలుకు తీసుకెళ్ళాను.

"మాబూ, నేనెవరో సార్‌కు చెప్పు."

మాబు గొడుగు చూశాడు, నన్ను చూశాడు. శత్రువు నన్ను పట్టుకున్నాడని నిర్ధారించుకున్నాడు.

"ఎవురప్పా నువ్వు? నేనెప్పుడూ చూళ్ళేదే."

నా పెళ్ళి నా కళ్ళముందే ఆవిరైపోతోంది. దేవదానం గారు మాత్రం తొణకకుండా బెంచీ మీద కూర్చున్నారు. "రెండు టీ తేప్పా."

మాబు తెచ్చాడు. ఆయనకు మామూలు టీ. నాకు రోజూ ఇచ్చేటట్టే సగం గ్లాసు, చక్కెర లేకుండా, పైన మీగడ తేలుతూ.

ఆయన రెండు గ్లాసులూ చూశారు. "ఎప్పుడూ చూడనోనికి సగం గ్లాసు, పైన మీగడ కావల్లని నీకెట్ల తెలుసప్పా?"

హెడ్మాస్టరు చూపు ముందు మాబు నాలుగో తరగతి పిల్లాడైపోయాడు. "చెప్పమంటారా సార్?" అని నావైపు తిరిగాడు.

"నీకు పుణ్యముంటుంది, చెప్పు."

"పెండ్లి కాలే సార్. ఈ టీ తప్ప ఇంకేం తాగడు. పైన ఉండేది సర్కారు రహస్యాల ఆఫీసు."

నేను ఉలిక్కిపడ్డాను. "విత్తనాల ఆఫీసు అని కదా నీకు చెప్పాను."

"ఏందీ విత్తనాలు సార్? ఇన్ని దినాల్లో ఒక రైతుకు ఒక గింజ ఇచ్చినారా? ఊరందరికీ తెలుసు. మాకు తెలుసనే సంగతి మీకు తెలిస్తే బాధపడతారని ఎవురూ చెప్పలే."

దేవదానం గారు మొదటిసారి నవ్వారు. గ్లాసు కింద పెట్టి తీర్పు చెప్పారు. "నీకు రహస్యాలు దాచేది చేతగాదప్పా. నా బిడ్డకు అట్లాంటోడే కావల్ల."

చర్చిలో పెళ్ళి. మాబు, శెట్టి ఇస్త్రీ చొక్కాలతో ముందు వరుసలో కూర్చున్నారు. పాస్టరుగారు ఆనవాయితీ ప్రకారం అడిగారు. "ఈ వివాహానికి అభ్యంతరం ఏదైనా ఎవరికైనా తెలిసి ఉంటే ఇప్పుడే చెప్పవచ్చు."

ఎవరూ పలకని చోట మాబు లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకుని, చాలా మర్యాదగా అన్నాడు.

"ఉన్నా మేం చెప్పం సార్."

ఆ రోజు పాస్టరుగారి ముందు నేను రెండు ప్రమాణాలు చేశాను. ఒకటి ఆయన పలికించింది. రెండోది నా అంతట నేను చేసుకున్నది: ఈ జన్మలో నా గురించి నోరు మూసుకోమని ఎవరినీ కోరను. రెండూ నిలబెట్టుకున్నానో లేదో మా ఆవిడను అడగండి. మాబును మాత్రం అడగకండి.